అయిదు టూర్లు, పది స్టేజీలు: ఇందురైన్ లెక్క

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీని అయిదుసార్లు గెలిచినవాళ్లు నలుగురే. ఆ అయిదూ వరుసగా గెలిచింది స్పెయిన్‌కు చెందిన మిగెల్ ఇందురైన్ ఒక్కడే, 1991 నుంచి 1995 దాకా. మరి అమెరికా సైక్లిస్టు ఆర్మ్‌స్ట్రాంగ్ వరుసగా ఏడు గెలిచాడు కదా అంటారా? డోపింగ్ వ్యవహారంలో 2012లో ఆ ఏడూ రద్దయ్యాయి.

పుట్టుకతోనే విజేత అనుకోకండి. 1964లో నవార్రా ప్రాంతంలోని విలావాలో రైతు కుటుంబంలో పుట్టాడు. తొలి రెండు టూర్లూ, 1985లోనూ 1986లోనూ, మధ్యలోనే వదిలేశాడు. తర్వాతి నాలుగేళ్లలో అతని స్థానాలు వరుసగా 97, 47, 17, 10. ఇంత నిదానమెందుకంటే, సైక్లింగ్ జట్టులో అందరూ ఒక్క నాయకుడి కోసం తొక్కుతారు. ముందుండి అతనికి ఎదురుగాలి తగలకుండా కాస్తారు. ఆ ఏళ్లలో ఎక్కువ కాలం ఇందురైన్ నాయకుడు పెద్రో దెల్గాదో.

టూర్ సుమారు మూడు వారాల పోటీ. ఒక్కో రోజు పరుగును స్టేజ్ అంటారు. అన్ని స్టేజీల సమయమూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లే టూర్ విజేత. గెలిచిన ఆ అయిదు టూర్లలోనూ కలిపి ఇందురైన్ మొదటి స్థానంలో వచ్చిన స్టేజీలు ఎన్నో తెలుసా? పదే! ఆ పదీ టైమ్ ట్రయల్సే, అంటే ఒక్కొక్కరినీ విడివిడిగా పంపి గడియారంతో కొలిచే పరుగులు. 1992లో లక్సెంబర్గ్‌లో 65 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో రెండోవాడు మూడు నిమిషాలు వెనకబడ్డాడు. ఆ రెండోవాడు కూడా అతని జట్టువాడే. మిగతా జట్ల నాయకుల గతి ఊహించుకోవచ్చు.

మరి కొండల మీద? 1.88 మీటర్ల పొడవు, దాదాపు 80 కిలోల బరువు. ఎత్తులెక్కడంలో ఆరితేరినవాళ్లలో 60 కిలోల వాళ్లుండేవారు. అక్కడ అతనికి గెలవాల్సిన పని లేదు, ప్రత్యర్థులను వదలకుండా ఉంటే చాలు. వెంట వచ్చినవాడికి ఆ రోజు స్టేజ్ దక్కనిచ్చేవాడు. నా దృష్టిలో అతని మీది అభిమానానికి అసలు కారణం ఇదే: తనకు కావలసింది తీసుకుని, పక్కవాడి భాగం పక్కవాడికే వదిలాడు. ఓడినవాళ్లకూ అతనంటే గౌరవమే.

అయిదేళ్లు గెలిచాడంటే తేడా చాలా పెద్దదనిపిస్తుంది. కానీ 1993లో 3,714 కిలోమీటర్లు తొక్కడానికి 95 గంటల 57 నిమిషాలు పట్టింది. రెండోవాడితో తేడా 4 నిమిషాల 59 సెకన్లు. వెయ్యి రూపాయల సరుకులో రూపాయి కూడా తేడా లేనట్టు!

అతని గుండె గురించీ ఎక్కువగా చెబుతారు: విశ్రాంతిలో నిమిషానికి 28 సార్లు కొట్టుకునేదట. మామూలు మనిషికి 60 నుంచి 100. నిమిషానికి 70 చొప్పున మన గుండె రోజుకు లక్ష దాటితే, 28 చొప్పున లెక్కిస్తే 40 వేలే.

1996 జులై 17న, 32వ పుట్టినరోజు మర్నాడు, టూర్ అతని సొంతూరి మీదుగా పాంప్లోనా నగరం చేరింది. దారంతా జనం అతని కోసమే నిలబడ్డారు. ఆ రోజు ఎనిమిది నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. టూర్ చివరికి దక్కింది 11వ స్థానం. అయినా చప్పట్లు తగ్గలేదు. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 3న, అట్లాంటా ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో స్వదేశీయుడు అబ్రహం ఒలానోను 12 సెకన్ల తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచాడు. 1997 జనవరిలో రిటైరయ్యాడు. నవార్రాలోని ఎస్తెయాలో జరిగే ఒకరోజు పోటీని ఇప్పుడు మిగెల్ ఇందురైన్ గ్రాండ్ ప్రీ అంటారు.