వర్కింగ్ డైరెక్టరీ: ప్రోగ్రామ్ ఎక్కడ నిలబడి చూస్తుంది?

లినక్స్‌లో నడుస్తున్న ప్రతి ప్రాసెస్ పేరిటా కెర్నెల్ ఒక ఫోల్డర్‌ను గుర్తుపెట్టుకుంటుంది. అదే వర్కింగ్ డైరెక్టరీ. ఫైల్ దారి ఏటవాలు గీతతో మొదలైతే వెతుకులాట ఫోల్డర్లన్నిటికీ మొదలైన రూట్ నుంచి సాగుతుంది, లేకపోతే వర్కింగ్ డైరెక్టరీ నుంచి. ప్రోగ్రామ్ ఫైల్ డిస్కులో ఎక్కడుందో కెర్నెల్ ఈ లెక్కలో చూడనే చూడదు. ఈ చిన్న విషయం తెలియక కొత్తగా ప్రోగ్రాములు రాసేవారు గంటలు పోగొట్టుకుంటారు.

ఈ ఏర్పాటు యునిక్స్ తొలిరోజుల నాటిది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 యంత్రం మీద మొదలుపెట్టిన యునిక్స్‌లో పొడవైన దారులు లేవు. ఫైల్‌ను ఒక్క పేరుతోనే అడగాలి, అది ప్రస్తుత డైరెక్టరీలోనే ఉండాలి. తర్వాత ఒక ప్రాసెస్ తన నకలును పుట్టించే ‘ఫోర్క్’ వచ్చింది. అది వచ్చీ రాగానే డైరెక్టరీ మార్చే ఆదేశం పనిచేయడం మానేసింది. డెనిస్ రిచీ తాను రాసిన యునిక్స్ చరిత్రలో ఈ సంగతి చెప్పాడు. కోడ్ అంతా తిరగేశాక కారణం దొరికింది: ఆదేశం పిల్ల ప్రాసెస్‌లో నడిచి, ఆ పిల్ల డైరెక్టరీనే మార్చి, దానితోపాటే ముగిసిపోతోంది. తల్లి, అంటే ఆదేశాలను అందుకుని నడిపే షెల్, కదలకుండా పాత చోటే ఉంటోంది. అందుకే ఆ పనిని షెల్‌కే అప్పగించారు. డైరెక్టరీ మార్చే ‘సీడీ’ ఈనాటికీ షెల్ లోపలి ఆదేశమే.

పిల్ల చేసిన మార్పు తల్లికి అంటదు, తల్లి ఉన్న చోటు మాత్రం పిల్లకు వారసత్వంగా వస్తుంది. టెర్మినల్‌లో ఈ వారసత్వం హాయిగా కుదురుతుంది. మనిషి సీడీ కొట్టి ఆట ఉన్న ఫోల్డర్‌లోకి వెళతాడు, షెల్ కూడా అక్కడికే చేరుతుంది, పుట్టే ఆట అక్కడే కళ్లు తెరుస్తుంది.

ఫైల్ మేనేజర్ పద్ధతి వేరు. అది సాధారణంగా ఒకే ప్రాసెస్, కానీ తెర మీద దాని కిటికీలు అయిదారు ఉండవచ్చు, ఒక్కొక్కటి ఒక్కో ఫోల్డర్‌ను చూపుతూ. ప్రాసెస్‌కు వర్కింగ్ డైరెక్టరీ ఒక్కటే, అది చాలాసార్లు వాడుకరి సొంత ఫోల్డర్ అయిన హోమ్. కాబట్టి కంటికి కనిపించే ‘ఇక్కడ’ వేరు, ప్రాసెస్ ఎరిగిన ‘ఇక్కడ’ వేరు.

హోమ్‌లోని ‘ఆటలు/పాము’ ఫోల్డర్‌లో ఒక ఆట, దాని పక్కనే ‘బొమ్మలు’ ఫోల్డర్ ఉన్నాయనుకుందాం. ఫైల్ మేనేజర్ చోటు మార్చకుండా ఆటను నడిపితే, అది ‘బొమ్మలు/తల’ అని అడిగినప్పుడు కెర్నెల్ నేరుగా హోమ్‌లో వెతుకుతుంది. అక్కడ బొమ్మల ఫోల్డర్ లేదు. ‘అలాంటి ఫైల్ లేదు’ అన్న సందేశం పుడుతుంది కానీ చూపడానికి టెర్మినల్ లేదు. నొక్కినవారికి కనిపించేది ఏమీ జరగకపోవడమే. ప్రోగ్రామ్ ఇంకా బతికే ఉంటే, కెర్నెల్ ప్రాసెస్‌ల వివరాలు చూపే ‘ప్రాక్’ కింద దాని నంబరు ఫోల్డర్‌లోని ‘సీడబ్ల్యూడీ’ లింకు అది నిలబడిన చోటును చూపిస్తుంది.

మరి ఎప్పుడూ ఫైల్ ఉన్న ఫోల్డర్‌నే ఇవ్వవచ్చు కదా? విండోస్ ఎక్స్‌ప్లోరర్ అలాగే చేస్తుంది, షార్ట్‌కట్‌లో ‘స్టార్ట్ ఇన్’ అనే గడి కూడా ఉంది. అయితే దీనికీ ఒక ఖర్చుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను వర్కింగ్ డైరెక్టరీగా పట్టుకున్న ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ ఆ డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయబోతే ‘బిజీ’ అని లినక్స్ ఒప్పుకోదు. నేపథ్యంలో నడిచే డీమన్లు మొదట రూట్‌కు వెళ్లిపోయేది ఇందుకే. లినక్స్‌లో షార్ట్‌కట్ లాంటి డెస్క్‌టాప్ ఎంట్రీ ప్రమాణంలో ‘పాత్’ అనే వరుసలో కావలసిన చోటు రాయవచ్చు. ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపితే ఆ వరుసనూ దిద్దుకోవాలి.

గట్టి మందు ప్రోగ్రామ్ రాసేవారి చేతిలోనే ఉంది. తన ఫైళ్లను వర్కింగ్ డైరెక్టరీని నమ్మి వెతకకూడదు. ‘ప్రాక్’లోని ‘సెల్ఫ్/ఎక్స్’ లింకు చదివితే లినక్స్‌లో తన చిరునామా తనకే తెలుస్తుంది. ఆటలు రాసేవారికి ఎస్‌డీఎల్ లైబ్రరీలో ఇదే పనికి ఒక ఫంక్షన్ ఉంది. షెల్ స్క్రిప్టయితే మొదట్లోనే తానున్న ఫోల్డర్‌లోకి సీడీ చేసుకుంటే చాలు.

ఫైల్ మేనేజర్ వైపు నుంచి దిద్దాలంటే ఫోర్క్‌కూ, పిల్లలోకి కొత్త ప్రోగ్రామ్‌ను ఎక్కించే ‘ఎగ్జెక్’కూ నడుమ, పిల్లలోనే, చోటు మార్చాలి. తల్లిలో మార్చితే దాని మిగతా పనులన్నీ చెదురుతాయి. ఫోర్క్, ఎగ్జెక్ రెంటినీ ఒకే పిలుపులో ముగించే ‘పోసిక్స్ స్పాన్’లో ఆ నడిమి వీలు చాలాకాలం లేదు. 2019లో లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.29 దాన్ని చేర్చింది, 2024 నాటి పోసిక్స్ ప్రమాణంలో అది అధికారికంగా చోటుచేసుకుంది.