అగ్గి తెగులు బూజుకూ ఉంది గ్రామ నక్షా

మూడేళ్లు తెగులును తట్టుకుని నిలబడిన వరి రకం నాలుగో ఏట కుదేలైతే తప్పు ఎవరిది? విత్తనం అమ్మినవాడిదా, రాత్రి కురిసిన మంచుదా, మోతాదు మించి చల్లిన యూరియాదా? పైరు మాడిన ఏడు ప్రతి ఊరి రచ్చబండ మీదా ఈ పంచాయితీ జరిగేదే. మంచు, యూరియా తెగులును పెంచుతాయన్న మాట నిజమే. కాని ఈ కేసులో కంటికి కనపడని ముద్దాయి ఇంకొకరున్నారు. తెగులు తెచ్చే శిలీంధ్రమే, అంటే ఆ బూజే, లోలోపల తనను తాను మార్చుకుంటుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్నాయి.

అగ్గి తెగులు గురించి వరి రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. అదే వెన్ను మెడకు పాకితే మెడ విరుపు. అప్పుడు చేతికొచ్చేది తాలే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబా మసూరి, అదే బి.పి.టి. 5204, మనకు ఎంత ఇష్టమో ఈ బూజుకూ అంతే ఇష్టం. ప్రపంచం మొత్తం మీద ఏటా ఈ తెగులు మింగే ధాన్యం 6 కోట్ల మంది తిండికి సరిపోతుందని అంచనా.

ఈ బూజు జన్యుపటాన్ని శాస్త్రజ్ఞులు 2005లో చదివి లోకానికి ప్రకటించారు. జీవరాశి ఏదైనా దాని లక్షణాలన్నీ ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాల్లో రాసి ఉంటాయి. అగ్గి తెగులు బూజులో ఆ అక్షరాలు దాదాపు 4 కోట్లు. పేజీకి రెండు వేల అక్షరాల చొప్పున అచ్చు వేస్తే 20 వేల పేజీల పుస్తకం అవుతుంది. అదంతా 7 క్రోమోజోములుగా, 11 వేల దాకా జన్యువులుగా విడివడి ఉంది. కల్లును పొంగించే ఈస్ట్ కూడా శిలీంధ్రమే. దాని పటాన్ని అంతకు ముందే, 1996లో, పూర్తి చేశారు. అందులో అక్షరాలు కోటీ ఇరవై లక్షలు.

ఇరవై వేల పేజీలు ముందు పెడితే ఎంత చదువుకున్నవాడికైనా కళ్లు తిరుగుతాయి. సాఫ్ట్‌వేర్ అవసరం అక్కడే వచ్చింది. కరణం దగ్గర ఉండే గ్రామ నక్షాను తలచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. తెర మీద క్రోమోజోమ్ ఒక పొడుగాటి గీతలా కనిపిస్తుంది. దాని మీద జన్యువులు సర్వే నంబర్లలా వరుసగా ఉంటాయి. ఒక నంబరు మీద నొక్కితే ఆ జన్యువు పని ఏమిటో, ఎంత పొడవో అడంగల్‌లో రాసినట్టు వస్తుంది. ఇంకా దగ్గరికి వెళితే ఎఫ్.ఎం.బి.లో కమతం గట్టు గట్టూ కొలిచినట్టు ఒక్కొక్క అక్షరమూ కనిపిస్తుంది.

ఇలాంటి నక్షాలను చూపే వేదికల్లో 'ఎన్‌సెంబుల్ ఫంగై' ఒకటి. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర హింక్స్‌టన్‌లోని పరిశోధన కేంద్రం దీన్ని తయారుచేసింది. అమెరికా ఇంధన శాఖ సంస్థ జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ 'మైకోకాజమ్' పేరుతో వెయ్యికి పైగా శిలీంధ్రాల పటాలను ఒక్కచోట చేర్చింది. అక్షరాల వరుసలను పోల్చి వెతికే మరో సాఫ్ట్‌వేర్ 1990లోనే వచ్చింది. దాని పేరు 'బ్లాస్ట్'. ఇంగ్లీషులో అగ్గి తెగులు పేరూ బ్లాస్టే. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, పేరు అలా కలిసిందంతే.

మాయమైన సర్వే నంబరు

ఒక నక్షాను చూస్తే తెలిసేది కొంత. రెండు నక్షాలను ఒకదాని కింద ఒకటి పరిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. పైదానిలో ఉన్న జన్యువు కిందిదానిలో ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ రంగు పట్టీలతో కలిపి చూపుతుంది. పట్టీలు నిటారుగా దిగితే మార్పు లేనట్టు. అడ్డంగా మెలిక పడితే ఆ ముక్క తిరగబడిందన్నమాట. పట్టీ దిగాల్సిన చోట ఖాళీ ఉంటే ఆ జన్యువే పోయింది.

తెగులును తట్టుకునే వరి రకం తెలివైన కావలివాడి లాంటిది. దొంగ తలపాగా రంగును బట్టి పట్టేస్తుంది. తలపాగా తీసేసి వస్తే మాత్రం పోల్చుకోలేదు. వరిలో 'పై-టా' అనే జన్యువు కాపలా కాసేది ఈ బూజులోని 'ఏ.వి.ఆర్. పైటా' అనే జన్యువు కోసం. అది క్రోమోజోమ్ కొసన ఉంటుంది. ఏటి ఒడ్డు పొలంలాగా కొసన ఉన్నదానికి కోత ఎక్కువ. అది తెగిపోయిన బూజు ఆ వరిలోకి దర్జాగా దూరుతుంది. కనుక నిన్నటి దాకా నిలబడిన రకం ఈ ఏడు పడిపోతే ప్రతిసారీ విత్తనంలో కల్తీ అనుకోవడానికి లేదు.

బంగ్లాదేశ్ గోధుమ కథ

ఈ పోలిక రైతుకు ఏం ఒరగబెట్టిందో చెప్పాలంటే బంగ్లాదేశ్ సంగతి చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో అక్కడి నైరుతి జిల్లాల్లో గోధుమ వెన్నులు ఉన్నట్టుండి తెల్లబడ్డాయి. గింజ ముడుచుకుపోయింది. దాదాపు 15 వేల హెక్టార్లు దెబ్బతింది. తెగులు ముందుకు పాకకుండా కొన్నిచోట్ల పొలాలకు నిప్పు పెట్టారు. ఆసియాలో అంతకు ముందు గోధుమకు ఈ తెగులు కనిపించలేదు.

అప్పుడు పుట్టిన ప్రశ్న చిన్నది కాదు. ఊళ్లో వరి మీద ఉన్న బూజే గోధుమ మీదికి దూకిందా, లేక ఎక్కడినుంచో కొత్తది దిగిందా? మొదటిదే నిజమైతే వరి, గోధుమ పక్కపక్కన పండే ప్రతి చేనూ ప్రమాదంలో ఉన్నట్టే. గాజీపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు తొఫజ్జల్ ఇస్లాం, ఇంగ్లండులోని నార్విచ్‌లో పనిచేసే సోఫియాన్ కమూన్ మరికొందరితో కలిసి ఇందుకు పూనుకున్నారు. తెగులు సోకిన ఆకులను పొలాల్లోంచే సేకరించి ఇంగ్లండుకు పంపి అక్షరాలు చదివించారు. తమ పత్రం అచ్చయ్యేదాకా దాచుకోకుండా ఆ అక్షరాలన్నింటినీ లోకానికి విడిచిపెట్టడం విశేషం. శాస్త్రజ్ఞుల్లో ఇది అంత సాధారణమైన పని కాదు. మొహం చూడని శాస్త్రజ్ఞులు వేరే దేశాల్లో కూర్చుని వాటిని వరి బూజుతో, గోధుమ బూజుతో, గడ్డి జాతుల బూజుతో పోల్చి వంశవృక్షం గీశారు.

జవాబు తేలిపోయింది. అది బంగ్లాదేశ్ వరి బూజు కాదు. బ్రెజిల్‌లో 1985లో మొదటిసారి గోధుమ మీద కనిపించి దక్షిణ అమెరికాలో పాతుకుపోయిన వంశం అది. ఇంత దూరం దిగుమతి ధాన్యంతో వచ్చి ఉంటుందని అనుమానం. దక్షిణ అమెరికాలో దాన్ని ఏ గోధుమ ఓర్చుకుంటుందో అప్పటికే కొంత తెలుసు. గోధుమకు అడవి చుట్టమైన ఒక గడ్డి నుంచి వచ్చిన ఆ ఓర్పు ఉన్న 'బారి గోమ్ 33' రకాన్ని 2017లో బంగ్లాదేశ్ విడుదల చేసింది.

అయినా తెగులు పోయిందా అంటే పోలేదు. 2017లో సరిహద్దు ఇవతల పశ్చిమ బెంగాల్‌లో నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో గోధుమ చేలను తగలబెట్టించారు. ఆ రెండు జిల్లాల్లో కొన్నాళ్లు గోధుమ వేయవద్దన్నారు. 2018లో ఆఫ్రికాలోని జాంబియాలో అదే వంశం తేలింది. బంగ్లాదేశ్ నుంచి అక్కడికి పాకలేదనీ, రెండుచోట్లకూ విడివిడిగా చేరిందనీ 2023లో వెలువడిన మరో పోలికలో బయటపడింది. గోధుమలోని 'ఆర్.ఎం.జి.-8' అనే జన్యువు ఈ వంశాన్ని పసిగట్టగలదని కూడా అందులోనే తెలిసింది. స్ట్రోబిలూరిన్ జాతి మందులకు ఇది లొంగుతోందనీ, అయితే లొంగని రకం పుట్టుకు రావడం కష్టమేమీ కాదనీ అదే పత్రంలో హెచ్చరించారు.

బంగ్లాదేశ్‌లో పని మొదలైంది రోగం సోకిన ఆకుతోనే. ఆకు లేకపోతే సాఫ్ట్‌వేర్ చూపేదేమీ లేదు. మన దగ్గర చాలామంది మాడిన ఆకును పురుగుమందుల దుకాణానికి పట్టుకెళతారు. దుకాణదారు ఇచ్చిన డబ్బా తెచ్చుకుంటారు. అదే ఆకును దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకెళ్లవచ్చు. వరి పరిశోధనకు జాతీయ సంస్థ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనే ఉంది. మచ్చ పడిన ఆకులను, మెడ విరిగిన వెన్నులను తడి లేకుండా తుడిచి కాగితం కవరులో పెట్టాలి. కవరు మీద రకం పేరు, నాటిన తేదీ, ఊరు పేరు రాయాలి. పాలిథిన్ సంచిలో పెడితే చెమ్మకు కుళ్లి వేరే బూజు పడుతుంది. అప్పుడు ఏది ఏ బూజో తేల్చడం కష్టం.