చప్పుళ్ళతో పాట

తెల్లవారుతోంది. విశాఖపట్నం పెదజాలరిపేటలో ఆడవాళ్ళు చేపల బుట్టలు సర్దుకుంటున్నారు. వేటకు పోయిన బోట్లు తిరిగి వచ్చే వేళ అది. ఒక ఇంట్లో మూడేళ్ళ పిల్ల లేచి కూర్చుంది.

"అమ్మా, ఏటే ఆ సప్పుడు?"

"సముద్రమే."

"రాత్రీ అదే సప్పుడు. దానికి నిద్దర రాదా?"

తల్లికి నవ్వు వచ్చింది. కానీ చేతి నిండా పని. "పడుకోవే" అంది.

పిల్లలు ఇలాంటి ప్రశ్నలు రోజూ అడుగుతారు. వాళ్ళ చెవులు అప్పుడే లోకాన్ని నేర్చుకుంటున్నాయి. ఆ చప్పుళ్ళతోనే పిల్లలకు ఆట కట్టవచ్చు, పాట కట్టవచ్చు. పైసా ఖర్చు లేదు.

అసలు చప్పుడు అంటే ఏమిటి? ఒక స్టీలు గిన్నెను గరిటెతో కొట్టండి. వెంటనే గిన్నె అంచును వేలితో మెల్లగా తాకండి. వణుకు తెలుస్తుంది. వేలు గట్టిగా ఆనించండి. వణుకు ఆగుతుంది. చప్పుడూ ఆగుతుంది. ఆ వణుకే గాలిలో సాగి మన చెవికి చేరుతుంది. గొంతు మీద చెయ్యి పెట్టి 'ఊ' అనండి. అక్కడా వణుకే.

బిడ్డ కడుపులో ఉండగానే చెవి పని మొదలవుతుంది. ఆరేడు నెలల నుంచి తల్లి గొంతు వింటూ ఉంటుంది. పుట్టాక నెలల తరబడి విని, విని, ఆ తరువాతే మాట్లాడుతుంది.

మన దేశంలో అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడ ఆటపాటలు నేర్పుతారు. "పాటలు పాడితే చదువు వస్తాదా?" అని కొందరు తల్లులు అంటారు. పిల్లను తీసుకుపోయి కాన్వెంటులో వేస్తారు. కానీ మీరు అక్షరాలు నేర్చుకున్న రోజులు గుర్తు చేసుకోండి. 'ప' వేరు, 'బ' వేరు అని ముందు చెవికి తెలియాలి. అప్పుడే చెయ్యి రాస్తుంది. చప్పుళ్ళలో తేడా పట్టిన పిల్లకు అక్షరాలు తేలికగా పట్టుబడతాయి.

అలల ఆట చూడండి. పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా నిలబడతారు. అల దూరంగా ఉన్నప్పుడు సన్నగా 'స్‌స్' అంటారు. దగ్గరకు వచ్చేకొద్దీ గొంతు పెంచుతారు. ఒడ్డుకు తగలగానే 'హో' అంటారు. మళ్ళీ వెనక్కి నడుస్తూ గొంతు తగ్గిస్తారు. పాటలో ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో చిన్న పిల్లలకు మాటలతో చెప్పలేం. అల చెబుతుంది.

వాన ఆట ఇంకా బాగుంటుంది. ఒక వేలితో అరచేతి మీద కొట్టాలి. చినుకులు. రెండు వేళ్ళతో కొట్టాలి. జల్లు. నాలుగు వేళ్ళతో కొడితే పెద్దవాన. రెండు చేతులతో తొడల మీద కొడితే కుండపోత. ఇరవైమంది పిల్లలు కలిసి చేస్తే గదిలో నిజంగా వాన పడుతున్నట్టే ఉంటుంది. తరువాత వాన తగ్గాలి. నాలుగు వేళ్ళు, రెండు, ఒకటి. ఆపైన అందరూ కదలకుండా ఊరుకోవాలి. పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది ఈ ఊరుకోవడమే!

ఉరుముకు ఒక రేకు డబ్బా చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. ఆ గాలి హోరు విన్న పెద్దలే ఇంకా మరచిపోలేదు. గాలివాన అంటే బెదిరే పిల్ల ఉంటే రేకు డబ్బా ఆమె చేతికే ఇవ్వండి. ఉరుము ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో ఆమే చెబుతుంది.

తీరంలో పెద్ద గవ్వ దొరికితే పిల్లలు చెవికి పెట్టుకుంటారు. "లోపల సముద్రం ఉంది" అంటారు. ఒక ఖాళీ గ్లాసు ఇచ్చి చెవికి పెట్టుకోమనండి. అందులోనూ హోరు వినిపిస్తుంది! బయట ఉన్న చప్పుళ్ళే లోపలి ఖాళీలో తిరిగి అలా వినిపిస్తాయి. గాజువాకలో, సముద్రానికి దూరంగా ఉన్న ఇంట్లో కూడా ఈ ఆట ఆడవచ్చు.

కొబ్బరి చిప్పలు రెండు కొడితే గుర్రం నడిచినట్టు ఉంటుంది. ఎండుటాకులు నలిపితే గరగర. సీసాలో చింతగింజలు వేసి ఊపితే గలగల. మన తెలుగులో చప్పుళ్ళకు మాటలు కొల్లలు. ప్రతి చప్పుడుకూ ఒక మాట పిల్లల చేతనే చెప్పించండి. సీసా మూత మాత్రం గట్టిగా బిగించాలి. గింజలు ముక్కులోకి, చెవిలోకి పోతే ప్రమాదం. ఎండిన గిలిగిచ్చ కాయలు కూడా బాగా మోగుతాయి. కానీ వాటి గింజల్లో విషం ఉంటుంది. నోట్లో పెట్టుకోనివ్వకూడదు.

సరిగమలు కూడా జంతువుల గొంతుల నుంచి పుట్టాయని పెద్దలు చెప్పేవారు. స నెమలిదట. రి ఎద్దుది. గ మేకది. మ క్రౌంచపక్షిది. ప కోకిలది. ద గుర్రానిది. ని ఏనుగుది. ఇది పెద్దల నమ్మకం. పిల్లలకు మాత్రం మంచి ఆట.

విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెద్ద ఫిడేలు విద్వాంసులు. ఆయనకు కంటిచూపు సరిగా ఉండేది కాదు. అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు తక్కువైనా చెవి ఆయనను అంతదూరం నడిపించింది.

మరి చెవే వినకపోతే?

ఈ ఆటల్లో అది బయటపడుతుంది. వెనక నుంచి గిలక ఊపండి. పిల్లకు మీరు కనబడకూడదు. ఆరు నెలలు దాటిన పిల్ల చప్పుడు వచ్చిన వైపు తల తిప్పాలి. తిప్పకపోతే, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోతే, చెవిలో చీము కారుతుంటే డాక్టరుకు చూపించాలి. "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఊరుకోవద్దు. మాట నేర్చే వయసు ఆగదు. చెవిలో నూనె పొయ్యవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఈ పరీక్ష ఉచితం. అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి. విశాఖపట్నంలో చెవి, ముక్కు, గొంతు జబ్బులకు వేరే ప్రభుత్వ ఆసుపత్రే ఉంది. వినికిడి మిషను ఎంత చిన్న వయసులో పెడితే మాట అంత బాగా వస్తుంది.

అలాంటి పిల్లను ఆటలోంచి పక్కన కూర్చోబెట్టకూడదు. బిందెను బోర్లించండి. ఆమె రెండు అరచేతులూ దాని మీద ఆనించమనండి. మిగతా పిల్లలు పక్క నుంచి వాన కొడతారు. చినుకు ఎప్పుడు మొదలైందో, కుండపోత ఎప్పుడు ఆగిందో ఆమె చేతులకు తెలుస్తుంది.