గంజాము సిపాయి జాడ

ఇచ్చాపురము దాటి బరంపురము త్రోవను పోవువారికి సరిహద్దున తగులు ఊరు గిరిసోల. ఆ ప్రాంతమున తెలుగును ఒరియాయు కలసిమెలసి వినబడును. అట్టి యూరినుండి 1914-18 మహాసంగ్రామమునకు పోయి తిరిగిరాని సిపాయి యొకడున్నాడనుకొందము. అతని మునిమనుమడు నేడు తాతజాడ తీయబూనినచో నెట్టి యవస్థ పడునో రాజధానిలోని మన యుద్యోగస్థులకును, వకీళ్లకును, వైద్యులకును విన్నవింపదలచితిమి. ఇండియా గేటు చెంత సాయంకాలము షికారు చేయువారు ఆ గోడలపై చెక్కిన 13 వేలకు మించిన పేళ్లను చూచియే యుందురు. చదివినవారెందరో!

మొదటి చిక్కు జిల్లాతోనే. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుపడువరకు గంజాము మదరాసు రాజధానిలోనిది. చికాకోలు, టెక్కలి, సోంపేట, ఇచ్చాపురము లన్నియు నందే యుండెను. పిమ్మట నవి విశాఖపట్టణము జిల్లాకును, 1950లో క్రొత్తగా నేర్పడిన శ్రీకాకుళము జిల్లాకును చేరినవి. కావున 1916లో మడిసినవాని పేరున ‘గంజాము, మదరాసు’ అని యున్నచో నతడు చికాకోలువాడు కావచ్చును, బరంపురమువాడును కావచ్చును. ఒరిస్సా పేరుతో వెదకిన మునిమనుమనికి వాడు దొరకనే దొరకడు. చచ్చినవాడు కదలలేదు, జిల్లాయే కదలినది.

రెండవ చిక్కు పేరుది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పటాలపు గుమాస్తాకు ఈ వరుసతో పనిలేదు. తరచుగా ఇంటిపేరు విడిచి, పెట్టినపేరును తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెడివాడు. సింహాచలేశుని కటాక్షమున ఉత్తరపు జిల్లాలలో అప్పన్నలకును అప్పలస్వాములకును కొదువలేదు గదా! ఇంటిపేరు పోయిన అప్పలస్వామిని మరియొక అప్పలస్వామినుండి వేరుచేయునవి సిపాయి నంబరు, పటాలము, తండ్రిపేరు, గ్రామము మాత్రమే. గ్రామము పేరైనను గుమాస్తా చెవిని దాటి వచ్చినదే.

ఇక మూడవదానిని చిక్కనుట చాలదు, అన్యాయమనవలెను. మదరాసు సాపర్ల దళములు మెసపొటేమియా రంగమున పోరాడినవి. ఆ రంగమున సమాధియైన తెలియని 40 వేలకు పైబడిన సైనికులకు 1929లో బస్రాయందు స్మారకము నెత్తిరి. దానిపై తెల్ల సిపాయి పేరు చెక్కిరి, ఇండియా యధికారుల పేళ్లును చెక్కిరి. ఇండియా సామాన్య సిపాయికి మాత్రము పేరు లేదు. పటాలము క్రింద ఇంకను ఇంతమంది యను లెక్కయే. విచిత్రమేమనగా, ఆ సర్కారే మృతుల యిండ్లకు పంపిన కంచుబిళ్లపై, త్యాగమునందు హెచ్చుతగ్గులు లేవని, హోదా మానివేసి వట్టి పేరు మాత్రము పోతపోయించినది. ఇంటికి వచ్చిన బిళ్లపై హోదా లేదు, ఎడారిలోని గోడపై పేరు లేదు.

యుద్ధసమాధుల సమితివారు 2021లో ప్రకటించిన నివేదికయందు, 45,000 మొదలు 54,000 వరకు మృతులు, ముఖ్యముగా ఇండియా, ఆఫ్రికా, ఈజిప్టుల వారు, ఇతరులతో సమానముగా స్మరింపబడలేదనియు, కనీసము 1,16,000 మంది పేరుపెట్టి స్మరింపబడనే లేదనియు నొప్పుకొనిరి. నూరేండ్లకు వచ్చిన యొప్పుకోలు! బస్రా మృతుల పేళ్లు నేడు సమితివారి పట్టికలలో వెదకిన దొరకును. ఢిల్లీలో 2019న వెలసిన జాతీయ యుద్ధస్మారకము స్వాతంత్ర్యానంతరపు వీరులది. అందు 1916 నాటివానికి చోటులేదు.

పంజాబువారి యదృష్టము వేరు. లాహోరు వస్తుప్రదర్శనశాలలో పడియున్న 3,20,000 మంది సైనికుల రిజిస్టర్లు గ్రామవారీగా 2021 నుండి వెలుగులోనికి వచ్చినవి. మనలోను తాడేపల్లిగూడెము చేరువ మాధవరమువారు మొదటి యుద్ధమునకు తమ యూరినుండి 90 మంది పోయిరని లెక్క చెప్పుదురు. లెక్క చెప్పగల యూరు మనకు మరికొన్ని కావలెను.

గంజాము, శ్రీకాకుళముల వారు సెలవులకు ఊరు పోయినప్పుడు పాతపెట్టెలలో వెండిపతక మేదైన నున్నచో బొమ్మను గాక అంచును త్రిప్పి చూడవలెను. నంబరు, హోదా, పేరు, పటాలము అక్కడనే చెక్కబడియుండును. కూలిదళములవారికి ఇచ్చినది కంచుపతకము. అదియు పారవేయదగినది కాదు. రెండున్నర తులాలకు మించిన వెండి యగుటచే కంసాలి మూసలో కరగిపోయిన పతకము లెన్నియో. పతకముతో నంబరును కరగినది. ముసలివారి నడిగి తండ్రిపేరును, ఇంటిపేరును తెలుగక్షరములలోనే వ్రాసికొని రావలెను. వెదకునప్పుడు ఒరిస్సా యని గాక ముందుగా ‘గంజాము, మదరాసు’ అని వెదకవలెను.