పెళ్లిలో సీతాకోకచిలుకలు ఎగరేయాలా?

అమెరికాలో కొన్ని క్రైస్తవ వివాహాల్లో ప్రమాణాలు ముగియగానే సీతాకోకచిలుకలను ఎగరేస్తారు. అక్కడ స్థిరపడిన మన బిడ్డల పెళ్లిళ్లలోనూ ఈ ఆలోచన రావచ్చు. గూడు చీల్చుకుని రెక్కలతో వచ్చే ఆ ప్రాణి పునరుత్థానానికి, నూతన జీవితానికి చక్కటి గుర్తే.

అయితే అవి పెళ్లి వేదిక దగ్గరికి ఎలా వస్తాయి? పెంపకందారులు ఒక్కోదాన్ని రెక్కలు మడిచి, కాగితపు కవరులో పెట్టి, కదలకుండా చల్లబరచి పార్శిల్‌లో పంపుతారు. కవరు తెరిచినప్పుడు కొన్ని ఎగురుతాయి, కొన్ని ప్రాణం లేక రాలిపోతాయి. పెంచినవాటి రోగాలు బయటివాటికి సోకే ప్రమాదమూ ఉంది. అందుకే ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల సంఘం ఈ వేడుకను వద్దంటోంది.

కాసుకు రెండు చొప్పున అమ్ముడుపోయే పిచ్చుకలను సైతం తండ్రి మరువడని ప్రభువు బోధించాడు (మత్తయి 10:29). కానా పెళ్లింట కొరత తీర్చిన ఆయన మన సంతోషాన్ని కాదనడు. కానీ జీవానికి గుర్తు చూపబోయి జీవాన్నే నలిపితే అది సాక్ష్యమవుతుందా?

ప్రియ వధూవరులారా! ఆ సొమ్ముతో మందిర ఆవరణలో మొక్కలు నాటండి. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులకు అక్కడి జిల్లేడు జాతి మొక్కల ఆకులే ఆహారం. మొక్క ఉన్నచోటికి అవి తమంతట తామే వస్తాయి. మీ పెళ్లి రోజు గడిచిపోయాక కూడా వస్తాయి.