సాలెపురుగు కాళ్లు ముడుచుట యేల?

సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుచుండగా మా చిన్నమ్మాయి చీపురుతో ఒక సాలెపురుగును కొట్టినది. అది వెల్లకిలబడి, ఎనిమిది కాళ్లును రొమ్ముపైకి ముడుచుకొని కదలక యుండెను. "అమ్మా, ఇది నాకు దండము పెట్టుచున్నదా?" అని పిల్ల యేడ్వసాగినది. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగే యనియు, అది శివుని గొలిచి ముక్తి నందెననియు దానికి కథ చెప్పినది మేమే. ఇప్పుడు ఊరకుండుమని కసరుట తగదని తోచి, తెలిసినంత చెప్పితిమి. సోదరీమణులకును అది యుపయోగించునని యిచట వ్రాయుచున్నాము.

మన చేతిని ముడుచుటకు కొన్ని కండరములును, చాచుటకు వేఱు కండరములును కలవు. సాలెపురుగు కాలిలోనో, ముఖ్యమైన రెండు కీళ్లవద్ద ముడుచు కండరములే కాని చాచునవి లేవు. మఱి అది నడచుట యెట్లు? తలయు రొమ్మును కలిసియున్న ముందుభాగమును బిగించి, దేహమందలి ద్రవమును కాళ్లలోనికి నెట్టును. ఆ యొత్తిడిచేత కాళ్లు చాగును. ఆ ద్రవమే దాని రక్తము. అందు రాగి చేరియుండుటచే ఎఱుపు గాక లేతనీలపు వన్నె గలిగియుండును.

తిరునాళ్లలో పిల్లలు కొను చుట్టకాగితపు బూరను తలచుకొనుడు. ఊదినంతసేపు చాగును, మానగానే చుట్టుకొనును. సాలెపురుగు ప్రాణము పోగానే ఒత్తిడి తగ్గును. ముడుచు బలమునకు ఎదురు లేక కాళ్లు లోనికి వచ్చును. కావున ఆ ముడుత దండమును కాదు, వేడికోలును కాదు.

అమెరికాలో హ్యూస్టను నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున ఫే యాప్, డేనియల్ ప్రెస్టన్ మున్నగువారు 2022లో ఈ సంగతిని చేసి చూపిరి. చనిపోయిన సాలెపురుగు దేహమున సూదిని గ్రుచ్చి, జిగురుతో అంటించి, గాలి నెక్కించిరి. కాళ్లు విచ్చుకొన్నవి, గాలి తీయగా ముడుచుకొన్నవి. అట్లు చిన్న వస్తువులను పట్టి యెత్తించిరి.

అయినను, కాళ్లు ముడిచినంతమాత్రమున చచ్చినదని నిశ్చయింపరాదు. నీరు చాలనప్పుడును ఒత్తిడి తగ్గి కాళ్లు ముడుచుకొనును. నీరు దొరకిన యెడల కొన్ని తేఱుకొనును. కొన్ని జాతులు భయమున చచ్చినట్లు నటించును.

మఱియొక పొరపాటును కలదు. గూటిలో వ్రేలాడు ఎండిన సాలెపురుగును చూచి శవమని తలతుము. పలుమాఱు అది విడిచిన కుబుసము మాత్రమే. పెరుగునప్పుడెల్ల సాలెపురుగు పాత చర్మమును విడుచును. రొమ్ముపైని చిప్ప మూతవలె లేచియుండి, కాళ్లు బోలుగా, ఊదిన ఎగిరిపోవునంత తేలికగా నున్నచో అది కుబుసము. దాని సొంతదారు సమీపముననే బ్రదికియుండవచ్చును.

నిజమైన శవమునందు మెత్తని కడుపు ఎండి ముడుతలు పడును. గట్టిదగు పైచర్మము మాత్రము కొంతకాలము నిలుచును. కడుపు ఇట్లు చెడుటచేతనే శాస్త్రజ్ఞులు సాలెపురుగులను సీతాకోకచిలుకలవలె ఎండబెట్టక, ఆల్కహాలులో దాచుదురు. మన యిండ్లలో ఆ శ్రమ చీమలకు విడిచితిమి. ఆనాడును సాయంకాలమునకు చీమలు వచ్చి, కాళ్లను విడదీసి మోసికొనిపోయినవి. పిల్ల గడపమీద కూర్చుండి చూచినది.

ఆ ముడుత వేడికోలు కాదని దానికి చెప్పితిమి. కొట్టినందుకు బాధ లేదని మాత్రము చెప్పలేదు. మన యిండ్లలోని సాలెపురుగులలో పెక్కింటివలన మనకు హాని లేదు; అవి దోమలను, ఈగలను తినును. గోడపై నున్నదానిమీద గ్లాసును బోర్లించి, క్రింద అట్టముక్కను దూర్చి, పెరటిలో విడిచిన చాలును. ఈ యేడు ఉగాదికి బూజు దులిపినప్పుడు ఆ పని మా చిన్నమ్మాయియే చేసినది.