బేబీ క్యారియర్ కొనే ముందు అమ్మమ్మ చంక చూడండి

ఈరోజు ఎపిసోడ్ చంటిపిల్లలున్న అమ్మానాన్నల కోసం. రేపల్లె నుంచి ఒక చెల్లి అడిగింది: "అక్కా, బాబుకి ఐదో నెల. పుట్టిల్లు తెనాలి, రైల్లో వెళ్లొస్తుంటాం. బేబీ క్యారియర్ కొందామంటే ఫోన్‌లో వందల రకాలు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?"

మంచి ప్రశ్నే. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో బిడ్డ, ఎదురుగా స్టేషన్ మెట్లు. స్ట్రోలర్ అక్కడేం పనికొస్తుంది చెప్పండి? క్యారియర్ అవసరమే. కానీ ఏది?

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా, మన సంగతి అచ్చం అదే. జవాబు అమ్మమ్మ చంకలోనే ఉంది. ఆవిడ ఎత్తుకున్నప్పుడు బాబు ఎలా కూర్చుంటాడో చూడండి. కాళ్లు రెండూ పక్కలకి విడి ఉంటాయి, మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం పైకి ఉంటాయి, తొడల కింద ఆవిడ చెయ్యి ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఇంగ్లీషు ఎం అక్షరంలా కనిపిస్తుంది. పసివాళ్ల తుంటి కీలుకి మంచిదని ఎముకల డాక్టర్లు చెప్పేది కూడా ఈ కూర్చునే తీరే.

ఇప్పుడు క్యారియర్ చూడండి. సీటు బట్ట ఒక మోకాలి వెనక నుంచి ఇంకో మోకాలి వెనక దాకా రావాలి. కొన్నిట్లో సీటు సన్నగా గోచీలా ఉంటుంది, కాళ్లు కిందికి వేలాడతాయి. అవి వద్దు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అట్టపెట్టె మీద "15 కిలోల వరకు" అని ఉంటే ఇంక రెండేళ్లు చూసుకోనక్కర్లేదు అనుకుంటారు. ఆ అంకె బరువు మోయడం గురించే. బిడ్డకి సరిపోతుందా లేదా అన్నది అది చెప్పదు. 3 కిలోలతో పుట్టిన పిల్లలు సుమారు 5 నెలలకి 6 కిలోలు, ఏడాదికి 9 కిలోలు అవుతారు. బరువుతో పాటు తొడ పొడవు, వీపు ఎత్తు కూడా పెరుగుతాయి. అందుకే సీటు వెడల్పు, వీపు భాగం ఎత్తు రెండూ మార్చుకునే వీలున్నది తీసుకోండి. చెల్లెమ్మా, నీకు నడుం బెల్టు, బకిల్స్ ఉన్న అలాంటి రకమే నయం. బరువు భుజాల మీదే పడకుండా నడుం కూడా పంచుకుంటుంది. సాగే బట్ట చుట్టుకునే రకం మొదటి నెలల్లో హాయిగా ఉంటుంది గానీ బరువు పెరిగేకొద్దీ కిందికి జారుతుంది. రింగ్ స్లింగ్ కాసేపు చంకనేసుకోవడానికి బాగుంటుంది, కానీ బరువంతా ఒకే భుజం మీద.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి: ఊపిరి. 2010 మార్చిలో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ స్లింగుల మీద హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు 20 ఏళ్లలో వాటితో ముడిపడిన 14 మరణాలను వాళ్లు పరిశీలిస్తే, 12 మంది 4 నెలల లోపు పసివాళ్లే. గడ్డం గుండెకి ఆనుకుపోయినా, ముక్కు బట్టలో కూరుకుపోయినా ఆ వయసు పిల్లలు తల తిప్పుకోలేరు, ఏడవనూ లేరు. కాబట్టి బిడ్డ మొహం ఎప్పుడూ మీకు కనపడాలి. తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి. మెడ బాగా నిలిచేదాకా మొహం మీ వైపే ఉంచండి. తర్వాత బయటికి తిప్పినా కాసేపే. నిద్రపోతే మళ్లీ మీ వైపుకి తిప్పేయండి.

బాపట్ల వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్తారు, ఉక్కపోత మామూలుగా ఉండదు. మీ ఒంటి వేడి, క్యారియర్ వేడి కలిసి బిడ్డకి తగులుతుంది. పల్చటి కాటన్ గానీ జాలీ బట్ట గానీ చూసుకోండి. లోపల ఒక పల్చటి చొక్కా చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమటతో కాలిపోతుంటే వెంటనే నీడలోకి వచ్చి బయటికి తీసేయండి.

చివరిది, దయచేసి వినండి. క్యారియర్‌లో బిడ్డని కట్టుకుని బైక్ ఎక్కొద్దు. పడితే మీ బరువంతా బిడ్డ మీదే. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం, బైక్ మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి సేఫ్టీ హార్నెస్ ఉండాలి, 9 నెలలు దాటితే హెల్మెట్ కూడా, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ వేరు, ఈ క్యారియర్ వేరు. ఐదు నెలల బాబుకి రైలూ బస్సే మేలు.

తెనాలి వెళ్లినప్పుడు బోసు రోడ్డు షాపుల్లో బిడ్డని కూర్చోబెట్టి, కట్టుకుని నాలుగడుగులు నడిచి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందో లేదో ముందే చూసుకోండి. అద్దం ముందు నిలబడండి. అమ్మమ్మ చంకలో కూర్చున్నట్టే కూర్చున్నాడా? అయితే తీసుకోండి. నెలనెలా అదే అద్దం ముందు మళ్లీ చూసుకోండి. బట్ట మోకాళ్ల దాకా రావట్లేదంటే సీటు వెడల్పు పెంచాలి. అప్పటికీ రాకపోతే ఆ క్యారియర్ పని అయిపోయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.